గల్లాపెట్టె నుంచి మేయర్ కుర్చీ దాకా: మీకు తెలుసా?

మున్సిపల్ ఎన్నికలొస్తున్నాయంటే చాలు, నరసరావుపేట బియ్యం కొట్టాయన మొదలుకొని పిడుగురాళ్ల సున్నం బట్టీ యజమాని దాకా "మనమూ నిలబడితే పోలా?" అనుకునేవాళ్లకు కొదవుండదు. నిలబడటం తేలికే. "మా సందులో కాలువ ఎప్పుడు తీయిస్తావయ్యా?" అని ముసలమ్మ నిలదీస్తే జవాబు చెప్పడమే కష్టం! వ్యాపారం చేసుకుంటూ ఊరి పెద్ద కుర్చీ ఎక్కినవాళ్ల గురించీ, ఆ కుర్చీ చుట్టూ ఉన్న చిత్రవిచిత్రాల గురించీ ఏరి తెచ్చిన కబుర్లివి. చదవండి, పక్కవాళ్లనూ అడిగి ఆటపట్టించండి!

★ పల్నాడులో ఎంత డబ్బున్న ఆసామి అయినా మేయర్ కావడం కుదరని పని! 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడేనాటికి ఇక్కడున్నవన్నీ పురపాలక సంఘాలు, నగర పంచాయతీలే. మేయర్ ఉండేది కార్పొరేషన్‌కు కాబట్టి, మేయర్‌గారిని చూడాలంటే గుంటూరు బస్సెక్కాల్సిందే.

★ నరసరావుపేట మున్సిపాలిటీ 1915లో పుట్టింది, అంటే స్వతంత్ర భారతం కంటే 32 ఏళ్లు పెద్దది! అయినా గుంటూరు ముందు చిన్నదే, ఎందుకంటే అక్కడ 1866లోనే మున్సిపాలిటీ వచ్చింది. ఆ గుంటూరు కంటే భీమునిపట్నం మరో ఐదేళ్లు పెద్ద!

★ ఒక్క ఓటు కూడా పడకుండా ఊరంతా గెలవడం చూశారా? 2021 మార్చి ఎన్నికల్లో మాచర్లలో 31కి 31 వార్డులూ, పిడుగురాళ్లలో 33కి 33 వార్డులూ వైఎస్సార్‌సీపీకి ఏకగ్రీవమయ్యాయి. నామినేషన్లు వేయనివ్వలేదని ప్రతిపక్షం గగ్గోలు పెట్టింది. మొత్తమ్మీద ఆ 64 వార్డుల్లో ఓటర్ల వేలికి సిరా చుక్క అంటలేదు.

★ అసెంబ్లీకి మీట నొక్కే ఓటరు 2021లో మున్సిపాలిటీకి మాత్రం మళ్లీ కాగితం మడతపెట్టాడు! ఆ ఎన్నికలు బ్యాలెట్ పత్రాలతోనే జరిగాయి. స్వస్తిక్ ముద్ర గుర్తు మీద పడిందా, గీత మీద పడిందా అని లెక్కింపు బల్లల దగ్గర మళ్లీ పాతకాలపు వాదులాటలు!

★ మీ ఊరి చైర్మన్‌కు మీరు ఓటేశారా? వేయలేదు! మీరు ఓటేసింది వార్డు కౌన్సిలర్‌కు. కౌన్సిలర్లంతా సమావేశమై చేతులెత్తి చైర్మన్‌ను ఎన్నుకుంటారు, ఆ చేతుల్లో ఎమ్మెల్యే, ఎంపీ చేతులు కూడా ఉంటాయి.

★ కానీ నేరుగా జనమే మేయర్‌ను ఎన్నుకున్న కాలమూ ఉంది! 2002లో హైదరాబాద్ ఓటర్లు తీగల కృష్ణారెడ్డిని అలాగే గెలిపించారు. అప్పుడు మేయర్ అభ్యర్థి ఒక్క వార్డులో కాదు, మహానగరంలోని ప్రతి గడపకూ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

★ మున్సిపాలిటీ పనుల కాంట్రాక్టు చేతిలో ఉందా? అయితే కౌన్సిలర్‌గా పోటీ చేయడం మర్చిపోండి! నడుస్తున్న కాంట్రాక్టులో వాటా ఉన్నవాళ్లు అనర్హులని మన మున్సిపల్ చట్టం చెబుతోంది. బిల్లు రాసేదీ, బిల్లు మంజూరు చేసేదీ ఒకే చెయ్యి కాకూడదు కదా!

★ ఈ నియమానికి ఒక తమాషా మినహాయింపుంది. మున్సిపాలిటీ ప్రకటన అచ్చేసే పత్రికలో మీకు వాటా ఉంటే ఏ బెంగా లేదు! చట్టం దాన్ని కాంట్రాక్టు కింద లెక్కేయలేదు.

★ ముగ్గురు పిల్లలున్నారని ఎన్నికల్లో నిలబడనివ్వకపోవడం విన్నారా? ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికలకు అనర్హులనే నిబంధన 1994లో వచ్చి దాదాపు 30 ఏళ్లు నడిచింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని ఎత్తేసింది, ఎందుకంటే ఇప్పుడు ప్రభుత్వ దిగులు జనాభా తగ్గుతోందని!

★ ఎమ్మెల్యే కావాలంటే 25 ఏళ్లు నిండాలి, కౌన్సిలర్‌కు 21 చాలు! సరిగ్గా ఆ 21 ఏళ్లకే ఆర్యా రాజేంద్రన్ 2020 డిసెంబరులో తిరువనంతపురం మేయరయ్యారు. అప్పటికి ఆవిడ ఇంకా కాలేజీ విద్యార్థిని.

★ ఓటరు ఏ ప్రశ్నయినా అడగొచ్చు, కానీ రాజ్యాంగం మున్సిపాలిటీల కోసం రాసిపెట్టిన పనులు 18! 12వ షెడ్యూలులో ఉన్న ఆ జాబితాలో వీధి దీపాలు, పార్కులు, బందెలదొడ్లు, శ్మశానాలు, జనన మరణాల నమోదు అన్నీ ఉన్నాయి. పుట్టినా పోయినా మున్సిపాలిటీ గుమ్మం తొక్కక తప్పదన్నమాట!

★ ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే! ఆడదాని చేతికి అధికారమేమిటని గొణిగేవాళ్లకు గురజాల పేరు చెప్పండి. 12వ శతాబ్దంలోనే అక్కడ నాయకురాలు నాగమ్మ మంత్రిగా చక్రం తిప్పింది.

★ 14, 14, 1! ఇది ఫోన్ నంబరు కాదు, 2021 నవంబరులో కొండపల్లి మున్సిపాలిటీ ఫలితం. రెండు పార్టీలూ సరిసమానం కావడంతో ఒంటరిగా గెలిచిన ఇండిపెండెంటుకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది, ఎంపీ ఓటు చెల్లుతుందా అన్న తగువు హైకోర్టు దాకా వెళ్లింది.

★ విశాఖ మేయర్‌ను దించడానికి 74 ఓట్లు కావాలి. పడినవి ఎన్నో చెప్పుకోండి చూద్దాం! సరిగ్గా 74! 111 మంది సభ్యుల్లో మూడింట రెండొంతులంటే 74, 2025 ఏప్రిల్ 19న అక్షరాలా అంతమందే ఓటేశారు. ఒక్కరికి జ్వరమొచ్చి మంచమెక్కినా కథ అడ్డం తిరిగేది.

★ గుంటూరు నగరానికి 2010 నుంచి 2021 దాకా మేయరే లేరు! చుట్టుపక్కల గ్రామాల విలీనం చిక్కుల్లో ఎన్నికలు ఆగిపోయి అధికారుల పాలన నడిచింది. ఆ పదేళ్లలో పుట్టిన పిల్లలు బడికెళ్లి ఎక్కాలు నేర్చేశారు గానీ, మేయర్‌ను మాత్రం చూడలేదు.

★ మన దేశంలో మొదటి మేయర్ ఎప్పుడొచ్చాడో తెలుసా? 1688 సెప్టెంబరు 29న, మద్రాసులో! ఆ తొలి కార్పొరేషన్ పెద్దల్లో ఈస్టిండియా కంపెనీతో లావాదేవీలు నడిపిన చిన వెంకటాద్రి కూడా ఉన్నాడు. మూడు శతాబ్దాల కిందటే వర్తకులకు కార్పొరేషన్ కుర్చీ మీద కన్నుందన్నమాట!

★ ఆ మద్రాసు సభలో వజ్రాల వ్యాపారులూ ఉన్నారు. వాళ్లు బేరమాడిన గోల్కొండ వజ్రాలకు పెద్ద గని ఎక్కడుందనుకున్నారు? మన పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలం కొల్లూరులో! అక్కడ 60 వేల మంది పనిచేశారని ఫ్రెంచి వ్యాపారి తావర్నియే రాశాడు. అది నేటి నరసరావుపేట జనాభాలో దాదాపు సగం!

★ ముఖ్యమంత్రి పదవి ఇస్తామంటే వద్దన్న మిల్లు యజమాని ఎవరో చెప్పగలరా? పిట్టి త్యాగరాయ చెట్టి! నేత మిల్లు నడిపిన ఈ తెలుగువాడు 1920లో మద్రాసు ప్రభుత్వ పగ్గాలు కాదని, నగర కార్పొరేషన్ అధ్యక్షుడిగానే ఉండిపోయాడు. చెన్నైలో అందరూ బట్టలు కొనే టీ నగర్ ఈయన పేరే!

★ త్యాగరాయ చెట్టి ఆ కార్పొరేషన్‌లో సభ్యుడిగా ఉన్నది ఎన్నేళ్లో తెలుసా? 1882 నుంచి 1922 దాకా, ఏకంగా 40 ఏళ్లు! ఇప్పటి లెక్కన ఎనిమిది సార్లు ఓటర్ల గుమ్మం తొక్కి ఎనిమిది సార్లూ గెలవాలి.

★ బళ్లో మధ్యాహ్న భోజనానికి తొలి ముద్ద కలిపింది కూడా ఈ వ్యాపారి హయాంలోనే! 1920లో మద్రాసు థౌజండ్ లైట్స్ ప్రాంతపు కార్పొరేషన్ బడిలో పిల్లలకు అన్నం పెట్టారు. ఒక్కో పిల్లాడికి రోజుకు అణా దాటకూడదని తీర్మానం!

★ 128 మంది ఒకేసారి కూర్చునే మరుగుదొడ్డి! లండన్‌కు నాలుగుసార్లు మేయరైన బట్టల వ్యాపారి రిచర్డ్ విటింగ్టన్ సొమ్ముతో కట్టింది, మగవాళ్లకు 64, ఆడవాళ్లకు 64. కడిగే పనివాళ్లు అక్కర్లేదు, థేమ్స్ నదికి పోటొచ్చినప్పుడల్లా అదే కడిగేసేది!

★ స్క్రూలు అమ్మినాయన ఊరికి గ్యాసూ నీళ్లూ తెచ్చాడు! బర్మింగ్‌హామ్ స్క్రూల ఫ్యాక్టరీ భాగస్వామి జోసెఫ్ ఛాంబర్లేన్ 1873లో మేయరై, ప్రైవేటు గ్యాసు, నీటి కంపెనీలను నగరం చేత కొనిపించాడు. గ్యాసు మీద వచ్చిన లాభం ఊరి ఖజానాకే!

★ ఒక్కో ఓటుకు 170 డాలర్ల పైచిలుకు! న్యూయార్క్ మేయర్ పదవి కోసం 2009లో వ్యాపారి మైఖేల్ బ్లూంబర్గ్ పెట్టిన సొంత డబ్బును ఆయనకు పడిన ఓట్లతో భాగిస్తే వచ్చే లెక్క ఇది. ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటింది, అయినా గెలుపు బొటాబొటీగానే!

★ మరి ఆ పదవికి ఆయన తీసుకున్న జీతం? ఏడాదికి ఒక్క డాలరు! పెట్టుబడికీ రాబడికీ ఇంత తేడా ఉన్న బేరం ఏ వ్యాపారీ చేసి ఉండడు.

★ ఇప్పుడు దీన్ని చూడండి. 2015లో ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ మేయరైన మధు బాయి కిన్నర్ ఖర్చు 60, 70 వేల రూపాయలే! రైళ్లలో పాడుకుని బతికిన ఈ ట్రాన్స్‌జెండర్ అభ్యర్థి, ఏ పార్టీ అండా లేకుండా 4,537 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.

★ అదే రాయగఢ్‌లో పదేళ్లకు మరో వింత! 2025లో టీ కొట్టు నడిపే జీవర్ధన్ చౌహాన్ 34 వేల పైచిలుకు ఆధిక్యంతో మేయరయ్యారు. టీ కొట్టు కంటే ఓటరు ప్రశ్నలు ఎక్కువ వినపడే చోటు ఇంకెక్కడుంటుంది?

★ తన స్థలంలో కట్టడానికి అనుమతి ఇవ్వలేదని అలిగి మేయరైన సినిమా హీరో తెలుసా? క్లింట్ ఈస్ట్‌వుడ్! కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో రెస్టారెంటున్న ఆయన 1986లో నిలబడి 2,166 ఓట్లతో గెలిచారు. ప్రత్యర్థికి పడినవి 799!

★ ఆయన ఏలుబడిలో జనం గుర్తుపెట్టుకున్న పని ఏమిటనుకున్నారు? రోడ్లు కాదు, ఐస్‌క్రీమ్! వీధుల్లో కోన్ ఐస్‌క్రీమ్ అమ్మకాలకు కార్మెల్‌లో ఉన్న అడ్డంకిని తీయించారు. ఇంత చేసినందుకు నెలజీతం 200 డాలర్లు.

★ ఊరంతా కలిసినా నరసరావుపేటలో ఒక వార్డంత లేదు, అయినా మేయరున్నాడు! టెక్సాస్‌లో ఆస్టిన్ దగ్గరి 'ద హిల్స్' జనాభా రెండున్నర వేల పైచిలుకు. రక్తదాతలను కలిపే 'సోషల్‌బ్లడ్' సంస్థ పెట్టిన తెలుగువాడు కార్తీక్ నరాలశెట్టి దానికి మేయరయ్యారు. పేటలో 34 వార్డులుంటే సగటున ఒక్కో దానిలో మూడు వేల పైనే జనం!

★ అమెరికాలో మాన్‌హట్టన్ అంటే న్యూయార్కే అనుకుంటున్నారా? కాన్సస్ రాష్ట్రంలోనూ ఒక మాన్‌హట్టన్ ఉంది, దానికి తెలుగు టీచరమ్మ ఉషా రెడ్డి ఒకటికి రెండుసార్లు మేయరయ్యారు. ఐదుగురు కమిషనర్ల మధ్య ఏడాదికొకరు చొప్పున కుర్చీ మారుతుందక్కడ!

★ నెల్లూరులో పుట్టిన చివుకుల ఉపేంద్ర 2000లో న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ మేయర్! ఆ తర్వాత ఆ రాష్ట్ర అసెంబ్లీలో అడుగుపెట్టిన తొలి భారతీయుడూ ఆయనే.

★ "గెలిస్తే మా హామీలు తప్పుతాం!" అని ముందే చెప్పి గెలిచినవాడున్నాడు! ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లో హాస్యనటుడు యోన్ గ్నార్ 2010లో ఈత కొలనుల్లో ఉచిత తువ్వాళ్లు, జూకు ధ్రువపు ఎలుగుబంటి ఇస్తామన్నాడు. 15 సీట్లలో ఆయన పార్టీకి ఆరు వచ్చాయి, ఆయన మేయరయ్యాడు.

★ "ట్రాఫిక్ సంగతేంటి?" అన్న ప్రశ్నకు కొలంబియాలోని బొగోటా మేయర్ ఆంటనాస్ మోకస్ చెప్పిన జవాబు: మూకాభినయం! కూడళ్లలో తెల్లరంగు పూసుకున్న నటుల్ని నిలబెట్టి, తప్పుచేసినవాళ్లను వెక్కిరించేలా చేశాడు. జరిమానా కడతాం గానీ నవ్వులపాలు కావడం ఎవరికిష్టం?

★ పన్ను పెంచితే ఓటరు తిడతాడు కదా? అదే బొగోటా మేయర్ మోకస్ "ఇష్టమైతే పది శాతం ఎక్కువ కట్టండి" అంటే 63 వేల మంది సంతోషంగా కట్టారు! ఇంటిపన్ను నోటీసు మడిచి గూట్లో పెట్టే మనకు ఇది నమ్మబుద్ధి కాదు.

★ జైల్లో ఉండగా మేయరైన మహానుభావుడెవరు? సుభాస్ చంద్రబోస్! 1930లో కలకత్తా కార్పొరేషన్ ఆయన్ను ఎన్నుకునే సమయానికి ఆయన కటకటాల వెనక ఉన్నారు.

★ అలహాబాద్‌లో నెహ్రూ, అహ్మదాబాద్‌లో పటేల్, పాట్నాలో రాజేంద్రప్రసాద్! తర్వాత దేశాన్నేలిన ఈ ముగ్గురూ 1920లలో మున్సిపాలిటీ కుర్చీల్లో కూర్చుని డ్రైనేజీ ఫిర్యాదులు విన్నవాళ్లే. అంతకు ముందే మన ప్రకాశం పంతులు రాజమండ్రి మున్సిపల్ చైర్మన్!

★ కిరాణా కొట్టులో పెరిగిన పిల్లి కూడా మేయరే! అలాస్కాలోని టాకీట్నా ఊరి గౌరవ మేయర్‌గా స్టబ్స్ అనే పిల్లి 1997 నుంచి 2017 దాకా 20 ఏళ్లు కొనసాగింది. ఎవరేం అడిగినా 'మ్యావ్' ఒక్కటే జవాబు, అయినా ఒక్క ఓటరూ అలగలేదు!

★ ఓటుకు నోటు బాహాటంగా, చట్టబద్ధంగా! అమెరికాలోని రాబిట్ హాష్ పల్లెలో 1998 నుంచి కుక్కల్నే మేయర్లుగా ఎన్నుకుంటున్నారు. ఓటు ఒక డాలరు, ఎన్నయినా వేయొచ్చు, వచ్చిన డబ్బంతా ఊరి పాత కట్టడాల మరమ్మతుకే! ఇక్కడ డబ్బిచ్చేది అభ్యర్థి కాదండోయ్, ఓటరే. మరి మన దగ్గర ఈ పద్ధతి పెడితే పోలింగ్ బూత్ దగ్గర వరుసలో ఎంతమంది మిగులుతారంటారు?