నక్షత్రానికి మూడు మూలలు!

చలికాలపు రాత్రి. ముండ్లమూరులో మేడమీద నేనూ, పదో తరగతి పిల్లలూ గుమిగూడాం. నెలల తరబడి చేత్తో అరగదీసిన 8 అంగుళాల పుటాకార దర్పణాన్ని గొట్టంలో బిగించి, నడినెత్తిన ఉన్న రోహిణి వైపు తిప్పాం. చుక్కలా కనిపించవలసిన నక్షత్రానికి మూడు మూలలు తేలాయి!

"సమోసాలా ఉంది మాస్టారూ!" అన్నాడొకడు. ఎవరికీ నవ్వు రాలేదు. అద్దం మళ్ళీ మొదటినుంచీ అరగదీయాలేమో అనుకున్నాం.

తప్పు అద్దానిది కాదు, నాది. జారిపోతుందన్న భయంతో అంచున ఉన్న మూడు క్లిప్పులనూ గట్టిగా బిగించేశాను. మర్నాడు వాటికీ అద్దానికీ మధ్య కాగితం దూరేటంత వదులు చేశాను. ఆ రాత్రి రోహిణి బుద్ధిగా గుండ్రటి చుక్కయింది.

గాజు వంగుతుందా? మార్కాపురం పలకను వంచబోతే విరుగుతుందే గాని వంగదు కదా అంటారు మీరు. విరిగేముందు పలకా వంగుతుంది, గాజూ వంగుతుంది. అది మన కంటికి ఆనదు, కాంతికి ఆనుతుంది. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 550 నానోమీటర్లు. మంచి దర్పణం ఉపరితలంలో తేడా అందులో ఎనిమిదో వంతు, అంటే 70 నానోమీటర్లు దాటకూడదు. తలవెంట్రుక మందంలో ఇది దాదాపు వెయ్యోవంతు!

పెద్ద అద్దానికి క్లిప్పులే కాదు, సొంత బరువే శత్రువు. మందం మార్చకుండా వ్యాసాన్ని రెట్టింపు చేస్తే వంపు 16 రెట్లవుతుంది. అందుకే పాతకాలపువారు వ్యాసంలో ఆరోవంతు మందం ఉంచేవారు. కాని మందపు గాజు బరువెక్కువ, రాత్రి త్వరగా చల్లబడదు. పలుచని 16 అంగుళాల అద్దాన్ని మూడు బొడిపెల మీద ఉంచితే, మూడు గుంజలపై పరచిన తడిగుడ్డలా మధ్య మధ్య జారుతుంది.

అయితే 18 బొడిపెలు పెడదామా? ఎగుడుదిగుడు నేలమీద నాలుగుకాళ్ళ బల్ల వేసి చూడండి, ఒక కాలు గాలిలో ఉంటుంది. కదలని బొడిపెలు ఎన్ని పెట్టినా అంతే, బరువు కొన్నిటి మీదే పడుతుంది.

దీనికి ఉపాయం మన కావడిలో ఉంది. భుజం మీద కావడిబద్ద అటూ ఇటూ ఊగుతూ రెండు బిందెల బరువునూ సరితూస్తుంది. అలాగే మూడేసి బొడిపెలున్న త్రికోణపు రేకును దాని సమతూక బిందువు దగ్గర ఊగేలా నిలుపుతారు. రెండు రేకులకు ఒక బద్ద, అలాంటి బద్దలు మూడు. మొత్తం 18 చోట్ల అద్దం ఆనుతుంది, ఎవరి వాటా బరువు వారిదే. 1845లో ఐర్లండులో లార్డ్ రాస్ తన 72 అంగుళాల లోహదర్పణం కింద ఇలాంటి మీటలనే అమర్చాడు. తమిళనాడులోని కావలూరులో 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల టెలిస్కోపుకు హైదరాబాదులో పెరిగిన వైను బప్పు పేరు పెట్టారు. అంతటి దర్పణానికీ ఈ బరువు చిక్కు తప్పదు.

టెలిస్కోపును దిగంతం వైపు వంచితే మాత్రం బరువు వెనుకనుంచి అంచుమీదికి మారుతుంది. అప్పుడు అంచు చుట్టూ పట్టీని ఉయ్యాలలా వేలాడదీస్తారు. మా పిల్లలు ఇప్పుడు 16 అంగుళాల అద్దానికి వెల్డింగు షాపులో త్రికోణాలు కోయిస్తున్నారు. పట్టీ సంగతే ఇంకా తేలలేదు.