నమూనా చీర – జావాస్క్రిప్టు వారసత్వము
మన నారాయణపేటలో పాత చీరను నమూనాగా పెట్టుకొని క్రొత్తది నేయవచ్చును. 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టులోని వారసత్వము ఇట్టిదే: ఆబ్జెక్టు తనలో లేని గుణమునకై ప్రోటోటైపు అను మూలవస్తువును ఆశ్రయించును. అయితే పోలిక ఇంతవరకే. నమూనా చీర అంచు రంగు మార్చినను, దానిని చూచి నేసిన చీరలు మారవు. మూలవస్తువులో గుణము మార్చినచో, ఆ గుణము స్వంతముగా లేని పిల్లవస్తువులన్నిటను మార్పు వెంటనే కనబడును. విద్యార్థులు తికమకపడునది ఇచ్చటనే.

1994 నాటి 'డిజైన్ ప్యాటర్న్స్' గ్రంథము వివరించిన అబ్‌స్ట్రాక్ట్ ఫ్యాక్టరీ పని వేరు. పట్టు కోరినచో పడుగు, పేక, కొంగు అన్నియు పట్టువే ఇచ్చును. నూలు కోరినచో అన్నియు నూలువే. కోరినవాడు లోపలి తయారీ ఎరుగనక్కరలేదు. జావాస్క్రిప్టులో ఇందులకు క్లాసు అవసరము లేదు. ఒకే పేర్లు గల ఫంక్షన్లున్న రెండు ఆబ్జెక్టులు చాలును.