చేప వయసు తెలియకపోతే ఏమవుతుంది? డానియెల్ పౌలీ కథ

ముందు ఒక ప్రశ్న. చేప వయసు ఎంతో ఎలా చెప్తారు?

చల్లటి దేశాల్లో ఈజీ. చేప చెవి లోపల ఓటోలిత్ అని చిన్న రాయి లాంటిది ఉంటుంది. చెట్టు మానులో వలయాల్లా అందులో ఏడాదికో గీత పడుతుంది, లెక్కపెడితే చాలు. కానీ మనలాంటి వేడి సముద్రాల్లో చలికాలం అంతంతమాత్రమే, కాబట్టి ఆ గీతలు స్పష్టంగా ఉండవు. వయసు తెలీకపోతే చేప ఎంత వేగంగా పెరుగుతుందో తెలీదు. అది తెలీకపోతే ఎంత పట్టొచ్చో చెప్పలేం.

1970ల్లో ఇండోనేషియాలో పనిచేసిన డానియెల్ పౌలీకి ఎదురైన సమస్య ఇదే. ఆయన 1946లో పారిస్‌లో పుట్టి, జర్మనీలోని కీల్‌లో చదువుకున్నారు. తర్వాత మనీలాలో ఉన్నప్పుడు వయసుని వదిలేసి పొడవుని పట్టుకున్నారు. నెలనెలా చేపల్ని కొలిస్తే, ఒకే ఈడు గుంపు పొడవు ఎలా పెరుగుతోందో కనిపిస్తుంది. దాన్నుంచి పెరుగుదల లెక్కగట్టే ప్రోగ్రామే ఎలిఫాన్. చిన్న కంప్యూటర్, కొలబద్ద ఉంటే చాలు. కోడ్ రాసేవాడిగా నేను ఇక్కడే ఫ్లాట్ అయిపోయా!

తర్వాత రైనర్ ఫ్రోజాతో కలిసి ఫిష్‌బేస్ మొదలుపెట్టారు. ఇప్పుడు 35,000కు పైగా చేప జాతుల వివరాలు అందులో ఫ్రీగా చూడొచ్చు.

1995లో ఒక్క పేజీ వ్యాసం రాశారు. విషయం సింపుల్. ప్రతి తరం తను పని మొదలుపెట్టినప్పుడు చూసిన సముద్రాన్నే మామూలు అనుకుంటుంది. అంతకుముందే పోయినది లెక్కలోకే రాదు. తాత చెప్పే పెద్ద చేపల కబుర్లని మనం కోతలు అని కొట్టిపారేస్తాం. పౌలీ మాత్రం వాటినీ సమాచారంగా చూడాలన్నారు.

2016లో డర్క్ జెల్లర్‌తో ఇంకో లెక్క తేల్చారు. 1996లో ప్రపంచం పట్టిన చేపలు ఎఫ్‌ఏఓ లెక్కలో 8.6 కోట్ల టన్నులు. వీళ్ల అంచనాలో 13 కోట్లు! చిన్న పడవల వేట, ఇంట్లో వండుకున్నవి, సముద్రంలోనే పారేసినవి చాలాచోట్ల లెక్కకే రాలేదు. నల్ ఉండాల్సిన చోట జీరో రాసినట్టన్నమాట. అంచనా కాబట్టి విమర్శలూ వచ్చాయి. కానీ ఆ లెక్క ప్రకారం, ఆ తర్వాత తగ్గుదల కూడా మనం అనుకున్నదాని కన్నా వేగంగా ఉంది.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు. అన్ని రోజులు వేట లేకుండా కూర్చోవడమంటే ఇంటికి ఎంత కష్టమో ఆలోచించండి. అలాంటి నిర్ణయం వెనక లెక్క తప్పకూడదు. ఆ లెక్క చేసేవాళ్లే ఫిషరీస్ సైంటిస్టులు. ఇంట్రెస్ట్ ఉంటే నెల్లూరు జిల్లా ముత్తుకూరు కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ ఉంది, చూడండి.

ఈలోపు మీ తాతనో అమ్మమ్మనో అడగండి, వాళ్ల చిన్నప్పుడు ఏ చేప ఎంతుండేదో. ఊరి పేరు, సుమారు ఏ సంవత్సరమో రాసి పెట్టుకోండి. ఎవరూ రాయకపోతే అదీ జీరో అయిపోతుంది. మళ్లీ కలుద్దాం!