రాకుమారి కూర్చున్న మెట్ల మీద కూర్చోవచ్చా?

'రోమన్ హాలిడే' చూసి రోమ్ నగరం మీద మనసు పారేసుకున్నవాళ్లు కోకొల్లలు. ఆ సినిమాలో చూసిన చోటల్లా తిరగాలనీ, అందులో చేసినవన్నీ చేయాలనీ వెళ్లేవాళ్లకి మాత్రం అక్కడ ఓ చిన్న షాక్ ఎదురుచూస్తూ ఉంటుంది!

మండుటెండ. చేతిలో కరిగిపోతున్న ఐస్‌క్రీమ్. ఎదురుగా వరసలు వరసలుగా రాతిమెట్లు. ఎన్నేళ్ల కల! మురిసిపోతూ ఆ పర్యాటకురాలు ఓ మెట్టుమీద చతికిలబడిందో లేదో... కుయ్‌మంటూ ఈల. తలెత్తి చూస్తే యూనిఫాంలో పోలీసు. 'లేవండి' అంటూ వేలితో సైగ చేస్తాడు. లేవకపోతే? 250 యూరోల జరిమానా. మెట్లు పాడుచేస్తే 400 యూరోల దాకా!

రోమ్‌లోని స్పానిష్ మెట్ల దగ్గర 2019 నుంచీ ఇదీ వరస. 1725లో కట్టిన ఈ మెట్ల మీద ఎక్కొచ్చు, దిగొచ్చు, ఫొటో తీసుకోవచ్చు. కూర్చోకూడదంతే. మరి అదే మెట్ల మీద ఐస్‌క్రీమ్ తింటూ ఆడ్రీ హెప్‌బర్న్ ప్రపంచాన్ని తనవైపు తిప్పుకుంది కదా... ఆమెకు లేని జరిమానా మనకెందుకు అనిపిస్తుంది ఎవరికైనా. సమాధానం కూడా అందులోనే ఉంది. అప్పుడు కూర్చున్నది ఆమె ఒక్కతే. ఆ తర్వాత ఆమెలా కూర్చోవాలని వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది!

ఒక్కరోజు సెలవు

ఓ దేశపు యువరాణి. పేరు ఆన్. పర్యటన కోసం రోమ్ వస్తుంది. పొద్దున లేస్తే కరచాలనాలూ, ప్రసంగాలూ, పక్కనే నిలబడి ఏం మాట్లాడాలో చెప్పే మనుషులూ. విసిగిపోయి ఓ రాత్రి గుట్టుచప్పుడు కాకుండా బయటపడుతుంది. రోడ్డు పక్కన మగతలో ఉన్న ఆమెను జో అనే విలేకరి చూస్తాడు. ఎవరో తెలిశాక ఇంకేముంది... ఇంతకన్నా పెద్ద వార్త దొరుకుతుందా! తానెవరో చెప్పకుండా ఆమెకు ఊరంతా తిప్పి చూపిస్తాడు. అతని స్నేహితుడు సిగరెట్ లైటర్‌లో దాచిన కెమెరాతో ఫొటోలు తీస్తుంటాడు. జుట్టు కత్తిరించుకోవడం, ఐస్‌క్రీమ్, స్కూటర్ షికారు, నది ఒడ్డున డాన్సు... చిన్నచిన్న సరదాలే. కానీ ఆ అమ్మాయికి అవన్నీ మొదటిసారి.

విలియం వైలర్ తీసిన ఈ సినిమా 1953లో విడుదలైంది. అప్పట్లో హాలీవుడ్ వాళ్లు విదేశీ నగరం కావాలంటే స్టూడియోలో సెట్ వేసుకునేవారు. వైలర్ మాత్రం రోమ్‌లోనే తీస్తానని పట్టుబట్టాడు. ఆయన పంతం నెగ్గడానికి డబ్బు లెక్క కూడా కలిసొచ్చింది. యుద్ధం తర్వాత అమెరికన్ సినిమా కంపెనీలు ఇటలీలో సంపాదించిన సొమ్మంతా బయటికి పట్టుకెళ్లకుండా అక్కడి ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. ఉన్నచోటే ఖర్చుపెట్టాలంటే అక్కడే షూటింగ్ చేయడం మేలు కదా! అలా 1952 వేసవిలో రోమ్ వీధులే సెట్టయ్యాయి. హెప్‌బర్న్‌కి హాలీవుడ్‌లో ఇదే మొదటి కథానాయిక పాత్ర. దానికే ఆస్కార్ వచ్చింది.

అబద్ధమాడితే చెయ్యి కరుస్తుంది

సినిమా చూసినవాళ్లెవరూ మరచిపోని సన్నివేశం ఒకటుంది. శాంటా మరియా ఇన్ కాస్మెదిన్ చర్చి వరండాలో గోడకు ఆనించిన ఓ పెద్ద పాలరాతి ముఖం. తెరిచిన నోరు. పేరు 'బొక్కా దెల్లా వెరిటా'... అంటే సత్యపు నోరు. అబద్ధాలకోరు అందులో చెయ్యి పెడితే కొరికేస్తుందని నమ్మకం. జో పాత్రధారి గ్రెగరీ పెక్ చెయ్యి పెట్టి కెవ్వుమంటాడు. బయటికి తీస్తే చొక్కా చేతికి చివర అరచెయ్యి ఉండదు! తాను చెయ్యి లోపలికి మడిచేస్తానన్న సంగతి పెక్ హెప్‌బర్న్‌కు ముందు చెప్పలేదట. అందుకే ఆమె కేక అంత సహజంగా ఉంటుంది.

తమాషా ఏంటంటే, సత్యపు నోరున్న ఈ సినిమాలో కథారచయిత పేరే అబద్ధం. కథ రాసింది డాల్టన్ ట్రంబో. కమ్యూనిస్టు ముద్రతో హాలీవుడ్ ఆయన్ని వెలివేసింది. దాంతో మిత్రుడు ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్ పేరు వేశారు. ఆ కథకు ఆస్కార్ వస్తే అదీ హంటర్ పేరుమీదే వెళ్లింది. ట్రంబో 1976లో కన్నుమూశాడు. 1993లో గానీ ఆ ఆస్కార్ ఆయన పేరుకు చేరలేదు. తెర మీద పేరు విషయంలో రచయితల సంఘం తప్పు దిద్దుకునేసరికి 2011 వచ్చింది.

ఇప్పుడు ఆ రాతినోటి ముందు ఎప్పుడూ క్యూ ఉంటుంది. గంటసేపు నిలబడ్డవాళ్లకైనా దక్కేది ఫొటో తీసుకునేంత సమయమే. సినిమాలో జో ఇంటి చిరునామా మార్గుట్టా వీధిలోని 51వ నంబరు. అదీ నిజంగా ఉంది. కాకపోతే మనుషులు కాపురముంటున్న చోటు కాబట్టి గేటు తీసి ఉంటే తొంగిచూసి రావడమే!

రోమ్‌లో లేని రోమ్

అన్ని సినిమాలూ 'రోమన్ హాలిడే' అంత నిజాయతీగా తీయలేదు. ఫెడరికో ఫెలీనీ 1960లో తీసిన 'లా డోల్చే వీటా' రోమ్‌లోని వెనెటో వీధికి ఎక్కడలేని పేరు తెచ్చింది. సినీతారలూ, వాళ్ల వెంటపడే ఫొటోగ్రాఫర్లూ తిరిగే వీధి అది. అందులోని ఫొటోగ్రాఫర్ పాత్ర పేరు 'పాపరాట్సో'. సెలెబ్రిటీలను వెంటాడేవాళ్లను ఇప్పుడు మనం 'పాపరాజీ' అంటున్నామంటే ఆ పాత్ర చలవే. అయితే తెరమీద కనిపించే ఆ వీధిలో చాలా భాగం ఫెలీనీ చినెచిట్టా స్టూడియోలో వేయించిన సెట్. సినిమా చూసి వెనెటో వీధికి వెళ్లినవాళ్లు 'ఇదేంటి, ఇంత ఏటవాలుగా ఉంది' అనుకుంటారు. సెట్‌లోని వీధి చదునుగా ఉంటుంది మరి!

'గ్లాడియేటర్'(2000)లో కొలోసియం మాల్టాలో కొంత సెట్టుగా, మిగతాది కంప్యూటర్లో పుట్టింది. 'ఏంజెల్స్ అండ్ డీమన్స్'(2009) బృందాన్ని రోమ్ చర్చిల్లోకి రానివ్వకపోతే లాస్ ఏంజెలిస్‌లో సెట్లు వేసుకున్నారు. మన 'రాధేశ్యామ్'(2022) కథ కూడా ఇటలీలోనే నడుస్తుంది. ఆ ఇటలీలో కొంత హైదరాబాద్ సెట్లలోదే!

నాణెం ఎక్కడికి వెళుతుంది?

'లా డోల్చే వీటా' అనగానే గుర్తొచ్చేది ట్రెవీ ఫౌంటెన్‌లోకి అనితా ఎక్‌బర్గ్ నడిచివెళ్లే దృశ్యం. అది సెట్ కాదు, 1762లో పూర్తయిన అసలు ఫౌంటెనే. చలికాలపు రాత్రి, గడ్డకట్టించే నీళ్లు. హీరో మార్సెల్లో మాస్ట్రోయాని దుస్తుల లోపల ఈతగాళ్లు వేసుకునే రబ్బరు సూటు తొడుక్కున్నాడని చెబుతారు. 1996లో ఆయన చనిపోయినప్పుడు ఆ ఫౌంటెన్ నీళ్లు ఆపేసి, నల్లటి వస్త్రాలు కట్టి నగరం సంతాపం తెలిపింది. ఇప్పుడెవరైనా ఆ సీను చేద్దామని నీళ్లలో దిగితే వందల యూరోల జరిమానా తప్పదు.

దిగకూడదు గానీ నాణెం వేయొచ్చు. కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా వెనక్కి విసిరితే మళ్లీ రోమ్ వస్తారని నమ్మకం. 1954లో వచ్చిన 'త్రీ కాయిన్స్ ఇన్ ద ఫౌంటెన్' సినిమా దీన్ని ప్రపంచమంతా చాటింది. 2016లో ఇలా పడిన నాణేల విలువ సుమారు 14 లక్షల యూరోలు! ఆ డబ్బంతా ఏమవుతుందంటారా? కారిటాస్ అనే క్యాథలిక్ సేవాసంస్థకు వెళుతుంది. నిలువనీడ లేనివాళ్లకు ఆశ్రయం, ఆకలితో ఉన్నవాళ్లకు భోజనం... వీటికి ఖర్చుపెడతారు.

అవును, రోమ్‌లోనూ ఆకలి ఉంది. ఆ రోమ్‌ను చూపించిన సినిమా వీటన్నిటికన్నా ముందే వచ్చింది.

సైకిలు పోయిన ఊరు

1948లో విట్టోరియో డిసీకా తీసిన 'బైసికిల్ థీవ్స్'. యుద్ధం మిగిల్చిన నిరుద్యోగంలో ఆంటోనియోకి ఎట్టకేలకు ఓ పని దొరుకుతుంది. గోడలకు పోస్టర్లు అంటించడం. కానీ సైకిలు ఉండాలి. భార్య ఇంట్లోని దుప్పట్లు తాకట్టు పెట్టి సైకిలు విడిపిస్తుంది. పనిలో చేరిన మొదటిరోజే దాన్ని దొంగ ఎత్తుకెళతాడు. అప్పుడు ఆంటోనియో అంటిస్తున్న పోస్టర్ ఏమిటో తెలుసా... హాలీవుడ్ తార రీటా హేవర్త్‌ది! గోడమీద కలల లోకం, గోడ కింద బతుకు పోగొట్టుకున్న మనిషి.

తండ్రీ చిన్నకొడుకూ కలిసి సైకిలు కోసం ఊరంతా గాలిస్తారు. వాళ్ల దారిలో కొలోసియం వైభవం ఉండదు. తాకట్టు కొట్టు, పాత సామాన్ల సంత, పేదలకు సూప్ పోసే చర్చి ఉంటాయి. తండ్రిగా నటించిన లాంబెర్తో మజ్జొరాని నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. 1950లో లండన్‌లో ఈ సినిమా చూసిన సత్యజిత్ రాయ్ తానూ ఇలాగే తీయాలనుకున్నాడు. 1955లో 'పథేర్ పాంచాలీ' వచ్చింది. 1952లో మనదేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చిత్రోత్సవంలో దీన్ని చూసిన బిమల్ రాయ్ ఆ మరుసటి ఏడాదే 'దో బీగా జమీన్' తీశాడు.

ఆంటోనియో వెతికిన పోర్టా పోర్టెసె సంత ఇప్పటికీ ప్రతి ఆదివారం జరుగుతుంది. అక్కడ నిలబడి బేరమాడేవాళ్లలో రోమ్‌వాసులూ కనిపిస్తారు. ఇదేమంత చెప్పుకోవలసిన విషయమా అంటే, అవును. నగరం నడిబొడ్డున ఎన్నో ఇళ్లు పర్యాటకుల బసలుగా మారిపోతుంటే అక్కడ కాపురముండేవాళ్లు అద్దెలు భరించలేక శివార్లకు తరలుతున్నారు మరి.

ప్రేమ ఎక్కువైతే...

పావ్లో సోరెంటినో 2013లో తీసిన 'ద గ్రేట్ బ్యూటీ' మొదట్లోనే ఓ జపాన్ పర్యాటకుడు కొండమీంచి రోమ్‌ను ఫొటో తీస్తూ కుప్పకూలిపోతాడు. అంత అందాన్ని తట్టుకోలేకపోయాడన్నమాట! కానీ వాస్తవంలో తట్టుకోలేకపోతున్నది పర్యాటకుడు కాదు, నగరమే. మరమ్మతుల తర్వాత 2024 డిసెంబరులో తెరిచినప్పుడు ట్రెవీ దగ్గరికి ఒకేసారి 400 మందినే అనుమతించాలని నిర్ణయించారు. 2026 ఫిబ్రవరి నుంచి దగ్గరికి వెళ్లి చూడాలంటే పర్యాటకులు రెండు యూరోల టికెట్ కొనాలి. దూరం నుంచి చూస్తే మాత్రం ఉచితమే.

'రోమన్ హాలిడే' చివర్లో యువరాణి తన కొలువుకు తిరిగి వెళ్లిపోతుంది. విలేకరుల సమావేశంలో 'ఏ నగరం నచ్చింది' అని ఎవరో అడుగుతారు. దేని అందం దానిదేనంటూ నేర్పించిన సమాధానం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, రోమ్ అంటుంది. జో ఆ వార్త రాయడు. తీసిన ఫొటోలన్నీ కవరులో పెట్టి ఆమె చేతికే ఇప్పిస్తాడు.

ఆమె అక్కడున్నది ఒక్కరోజు. వెంట తీసుకెళ్లింది ఒక్క కవరు. ఊరిని ఎలా ఉన్నదాన్ని అలాగే వదిలి వెళ్లింది. సినిమా చూసి రోమ్ వెళ్లేవాళ్లు ఆమెను చూసి నేర్చుకోవలసింది మెట్ల మీద కూర్చోవడం కాదు... ఇదే!

బయల్దేరేముందు చూస్తే...

- ఇంటిల్లిపాదీ కలిసి చూడ్డానికి 'రోమన్ హాలిడే'. నలుపు తెలుపు సినిమానే అయినా పిల్లలు కూడా నవ్వుతూ చూస్తారు.

- కాస్త పెద్దపిల్లలతో 'బైసికిల్ థీవ్స్'. గంటన్నరే. అయిపోయాక మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.

- 'లా డోల్చే వీటా', 'ద గ్రేట్ బ్యూటీ' పెద్దలకు మాత్రమే.

- 'రోమన్ హాలిడే' ఆఖరి సన్నివేశం తీసిన కొలొన్నా భవనం ఇప్పటికీ ఆ వంశస్థులదే. సందర్శకులను వారంలో కొన్ని రోజులే అనుమతిస్తారు. ముందే చూసుకుని వెళ్లాలి.