బ్యాక్టీరియా పోగులు ఎలా పుట్టాయి?

ఈ.కోలై బ్యాక్టీరియాలు గుంపుగా అంటిపెట్టుకుని కట్టుకునే జిగురు పొరే బయోఫిల్మ్. అందులో వాటిని పట్టి ఉంచేవి కర్లీ అనే ప్రొటీన్ పోగులు. స్వీడన్ శాస్త్రవేత్తలు 1989లో వీటి గురించి ప్రకటించారు.

పోగుకు ముడిసరుకు సీఎస్‌జీఏ అనే ప్రొటీన్. దాని గొలుసులో ఇంచుమించు ఒకేలాంటి ముక్క ఐదుసార్లు వస్తుంది. ఎందుకు? డీఎన్ఏకు నకలు తయారయ్యేటప్పుడు అప్పుడప్పుడు ఒకే భాగం రెండుసార్లు పడుతుంది. అలా ఈ ప్రొటీన్ జన్యువులో ఓ చిన్న ముక్కే మళ్లీ మళ్లీ రెట్టింపై ఇంత పొడవైందని అంచనా. తర్వాత మార్పులు పోగుపడి, ఐదు ముక్కల మధ్యా తేడాలొచ్చాయి.

ఆ తేడాలూ ఉత్తినే లేవు. మొదటి, చివరి ముక్కలు చకచకా అతుక్కుంటాయి. నడిమివి ఆ వేగానికి పగ్గాలు వేస్తాయి. లేదంటే పోగు కణం లోపలే గడ్డకట్టి దానికే ముప్పు తెచ్చేది! మామూలుగా సీఎస్‌జీఏ బయటికి వెళ్లాక, సీఎస్‌జీబీ అనే మరో ప్రొటీన్ ఆసరాతో పోగవుతుంది. విచిత్రంగా సీఎస్‌జీబీలోనూ అలాంటి ముక్కలు ఐదే. ఒకే పూర్వీక జన్యువు నుంచి విడిపోయిన దాయాదులై ఉంటాయి ఈ రెండూ.