ట్యాంకు మీది కాగితం

మా ఇంటికి భోజనానికొచ్చిన మనవాళ్ళు గరాజ్‌లోకి తొంగిచూసి అడిగే ప్రశ్నలు మూడే. ఎంతకు కొన్నావు? మైలేజ్ ఎంతిస్తుంది? ఆ డబ్బుతో టెస్లా వచ్చేది కదా? మొదటిదానికి మా ఆవిడ పక్కన లేనప్పుడు మాత్రమే నిజం చెబుతాను. రెండోదానికి జవాబు గ్యాలనుకి తొమ్మిదో పదో మైళ్ళు, అదీ దాని మూడ్ బాగుంటే. మూడోదానికి మాటలతో పనిలేదు, తాళం తిప్పి ఇంజను స్టార్ట్ చేస్తాను. గోడకు తగిలించిన చీపురు కిందపడుతుంది. అడిగినాయన నవ్వేస్తాడు. ఆ తర్వాత సంభాషణ మామూలుగానే హెచ్-వన్, గ్రీన్‌కార్డుల్లోకి వెళ్ళిపోతుంది.

నాలుగో ప్రశ్న ఒకటుంది. దాన్ని మనవాళ్ళు అడగరు. కార్ల షోలో బానెట్ తెరిచి కుర్చీ వేసుకుని కూర్చుంటే, టోపీ పెట్టుకున్న పెద్దాయనలు వచ్చి అడుగుతారు: "ఈజ్ ఇట్ రియల్?" నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

నా బండి 1970 షెవర్లే షెవెల్. నల్లరంగు, బానెట్ మీద రెండు వెడల్పాటి తెల్ల చారలు, గ్రిల్ మధ్యలో ఎస్.ఎస్. అన్న అక్షరాలు, పక్కన 396 అంకె. మజిల్ కార్ అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. 1960ల్లో జనరల్ మోటార్స్‌లో ఒక రూలుండేది: మధ్యరకం సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజను పెట్టకూడదు. పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్, బిల్ కాలిన్స్, రస్ గీ అనే ఇంజనీర్లు ఆ రూలుని జాగ్రత్తగా చదివారు. కొత్త మోడల్‌గా అయితే పైవాళ్ళ అనుమతి కావాలి, ఉన్న మోడల్‌కి ఆప్షన్‌గా అమ్మితే అక్కర్లేదు! పెద్ద కార్లలో వాడే 389 ఇంజనుని టెంపెస్ట్ అనే చిన్న కారులో కుదించి, మూడొందల డాలర్ల లోపు ఆప్షన్‌గా పెట్టి, జీటీవో అని పేరు తగిలించారు. 1964లో 32 వేల పైచిలుకు అమ్ముడుపోయాయి. ఇక మిగతా కంపెనీలు ఊరుకుంటాయా?

మన భాషలో చెప్పాలంటే వాళ్ళు కొత్త క్లాస్ రాయలేదు, ఉన్న క్లాస్‌లోనే ఒక ఫ్లాగ్ ఆన్ చేశారు. ఈ చిన్న తెలివితేటే అరవై ఏళ్ళ తర్వాత నాలాంటివాళ్ళ కొంప ముంచుతోంది. ఎందుకో చెబుతాను.

2018 శరదృతువులో ఒహాయోలో ఈ బండి అమ్మకానికుందని తెలిసి నేనూ, మా ఆఫీసులో పనిచేసే ఒక మిత్రుడూ కలిసి వెళ్ళాం. వెళ్ళేముందు నేను మూడు నెలలు చదివాను. చదవడం మనకి అలవాటేగా! జేబులో అయస్కాంతం పెట్టుకెళ్ళాను. వెనక చక్రాల పైన రేకు మీద పెడితే అంటుకోవాలి, అంటుకోకపోతే కింద ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. ఒకచోట జారిపోయింది, దానికి ధర తగ్గించమన్నాను. తర్వాత విన్ నంబరు చూశాను. ఇప్పటి కార్లకుండే 17 అక్షరాల నంబరు 1981 నుంచి వచ్చింది. 1970 షెవర్లేకి ఉండేవి 13. మొదటి ఒకటి షెవర్లే అని, తర్వాతి 36 అంటే వీ-ఎయిట్ మాలిబు అని, 37 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్ అని, సున్నా అంటే 1970 అని, బి అంటే బాల్టిమోర్ ఫ్యాక్టరీ అని, చివరి ఆరూ వరస సంఖ్య. అంతా సరిపోయింది.

కానీ ఎస్.ఎస్. ఎక్కడ? లేదు. 1966 నుంచి 68 వరకూ ఎస్.ఎస్. షెవెల్ విన్ 138తో మొదలయ్యేది, చూడగానే తెలిసిపోయేది. 1969లో దాన్ని ఆప్షన్‌గా మార్చారు, ఆప్షన్లు విన్‌లో ఎక్కవు. ఇంజను ఏదన్న సంగతి కూడా 1972 దాకా విన్‌లో లేదు. అంటే ఈ కారు మామూలు మాలిబునా, జెడ్25 కోడుతో ఆర్డర్ చేసిన ఎస్.ఎస్. 396నా అన్నది ప్రైమరీ కీ చూసి చెప్పలేం. పోనీ కంపెనీ రికార్డులున్నాయా అంటే, ఫోర్డ్ కార్లకయితే 1967 నుంచీ ఉత్పత్తి డేటాబేస్ మిగిలింది, మార్టీ రిపోర్ట్ అని తెప్పించుకోవచ్చు. పాంటియాక్‌కి పీ.హెచ్.ఎస్. వాళ్ళిచ్చే పత్రాలున్నాయి. కెనడాలో అమ్మిన షెవర్లేలకు జీఎం కెనడా దగ్గర దొరుకుతాయి. అమెరికాలో అమ్మిన షెవెల్‌కి అలాంటి దారి లేదు. బ్యాకప్ లేని డేటాబేస్ అన్నమాట.

మరి మిగిలేవేమిటి? పరోక్ష సాక్ష్యాలు. వెనక యాక్సిల్ కవర్‌కి పన్నెండు బోల్టులుంటే మంచిది, మామూలు మాలిబుకి పది. దీనికి పన్నెండున్నాయి. డాష్‌బోర్డులో గుండ్రటి మీటర్లుండాలి, ఉన్నాయి. ఇంజను బ్లాకు ముందుభాగంలో కుడివైపు చిన్న పలకలాంటి చోట సంకేతాలు కొట్టి ఉంటాయి. అక్కడున్న వరస సంఖ్య విన్‌తో కలిస్తే దాన్ని నంబర్స్ మ్యాచింగ్ అంటారు, ధర ఎక్కడికో పోతుంది. నా బండిలో కలవలేదు. అమ్మేపెద్దమనిషి ముందే చెప్పాడు, "వారంటీలో ఇంజను మార్చారని పాత ఓనరు అన్నాడు" అని. నమ్మాను. నమ్మాలని ఉన్నప్పుడు ఎంత తేలికో! వారంటీ కింద షెవర్లే ఇచ్చిన బ్లాకు మీద సీఈ అన్న అక్షరాలుంటాయని, వేరే కారు వరస సంఖ్య ఉండదని నాకు తెలిసింది ఏడాది తర్వాత.

రెండు చలికాలాలు పట్టింది బాగుచేయడానికి. మిషిగన్‌లో శని ఆదివారాలు గరాజ్‌లో హీటర్ పెట్టుకుని పనిచేశాను. కుళ్ళిన రేకులు కోయించి కొత్తవి అతికించడం, రంగు వేయించడం షాపులో. మిగతాదంతా నేనే. కార్బ్యురేటర్ విప్పి కట్టడం మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఏదో ఒక స్ప్రింగు మిగిలింది. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీ ఇంజన్లు బాగుచేసిన మా మామయ్యకి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాను. బండి శబ్దం విని, "ఒరేయ్, నీకు కార్బ్యురేటర్ రోగం కాదురా, టైమింగు. డిస్ట్రిబ్యూటర్ కొంచెం తిప్పు. ఎటు అని అడక్కు, రెండువైపులా తిప్పి చూడు, బండే చెబుద్ది" అన్నారు. చెప్పింది! ఎమ్మెస్‌లో కంట్రోల్ సిస్టమ్స్ కోర్సు తీసుకున్నవాణ్ణి, ఫీడ్‌బ్యాక్ అంటే ఏమిటో ఆ రాత్రి అర్థమయింది.

2020 వసంతంలో అందరం ఇళ్ళలో బందీలమై ఉన్నప్పుడు పెట్రోలు ట్యాంకు దించాను. పాత పెట్రోలు జిగురులా పేరుకుంటుంది, కడగాలి. రెండు ఇనుప పట్టీలు విప్పి, జాక్ మీద మెల్లగా దించుతుంటే ట్యాంకు పైన గోధుమరంగులో ఏదో అంటుకుని కనిపించింది. కాగితం! ఫ్యాక్టరీ లైనులో పనివాళ్ళు ఈ కారుకి ఏమేం బిగించాలో చూసుకోవడానికి అచ్చువేసిన బిల్డ్ షీట్. పని అయ్యాక సీటు స్ప్రింగుల్లోనో, ట్యాంకు మీదో వదిలేసేవారు. వాళ్ళకది చెత్త. మాకు తాళపత్రం. ఓ మూల ఎలుకలు తిన్నాయి, మడతల దగ్గర చిరిగింది. నీళ్ళు చల్లి, మా ఆవిడ దోసెల అట్లకాడతో (ఇప్పటికీ ఆమెకి తెలియదు) నెమ్మదిగా లేపాను.

వరస సంఖ్య నాదే. ఇంజను గడిలో 307, రెండు బ్యారెళ్ళ కార్బ్యురేటర్. గేరుబాక్సు రెండు గేర్ల పవర్‌గ్లైడ్. జెడ్25 ఎక్కడా లేదు. బాల్టిమోర్‌లో పుట్టినప్పుడు నా కారు ఎవరో గృహస్థు ఆఫీసుకి వెళ్ళడానికి కొన్న మామూలు మాలిబు. ఇంజను, యాక్సిల్, మీటర్లు, చారలు, ఆ రెండక్షరాలు అన్నీ తర్వాత ఎవరో అతికించినవి. ఇలాంటి బండిని క్లోన్ అంటారు, మర్యాదగా చెప్పాలంటే ట్రిబ్యూట్. తెలిసే అమ్మితే మాత్రం మోసమే. నాకు అమ్మినాయనకి తెలుసో తెలియదో నేనిప్పటికీ చెప్పలేను. తేడా నాకు దాదాపు పదిహేను వేల డాలర్లు.

ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, డ్రాయర్లో దాచి, ఎవరికీ చెప్పలేదు.

2021 వేసవిలో మా ఊరి పార్కులో చిన్న షోకి తీసుకెళ్ళాను. అద్దం మీద పెట్టే కార్డులో "1970 షెవెల్" అని మాత్రం రాశాను. అబద్ధం కాదుగా! మిగతాది గ్రిల్ మీదున్న అక్షరాలే చెప్పుకుంటాయి. మధ్యాహ్నం చేతికర్రతో ఒక పెద్దాయన వచ్చి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వియత్నాం నుంచి తిరిగొచ్చాక దాచుకున్న జీతమంతా పెట్టి అచ్చం ఇలాంటిదే కొన్నాడట. పాప పుట్టాక ఇన్సూరెన్స్ కట్టలేక 1973లో అమ్మేశాడట. ఆ తర్వాత ఇంత దగ్గర్నుంచి చూడలేదన్నాడు. కళ్ళు తుడుచుకుని అడిగాడు, "ఈజ్ ఇట్ రియల్?"

తలూపాను.

నాకు అలవాటయిన తల ఊపే అది. 2011లో ఎమ్మెస్ అయి ఓపీటీ మీద ఉన్నప్పుడు ఒక కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో ఏడుగురం ఉండేవాళ్ళం. నా రెజ్యూమేలో ఐదేళ్ళ అనుభవం వాళ్ళే రాశారు, బ్యాంకు ప్రాజెక్టులూ, టీమ్ లీడ్‌తో సహా. కంఠతా పట్టమన్నారు, పట్టాను. ఫోన్ ఇంటర్వ్యూలో "ఇదంతా మీరే చేశారా?" అని అడిగితే "యస్" అన్నాను. ఉద్యోగం వచ్చింది. పగలు క్లయింట్ దగ్గర బిక్కుబిక్కుమంటూ కూర్చుని, రాత్రి రెండింటి దాకా చదివి, ఆరునెలల్లో పని నేర్చుకున్నాను కూడా. తర్వాత నిజమైన సంవత్సరాలు పెరిగాయి, దొంగ సంవత్సరాలు ఒక్కొక్కటీ తీసేశాను. చదువుతున్నవాళ్ళలో కొందరికి ఈ గెస్ట్‌హౌస్ తెలిసే ఉంటుంది. ఆ రోజు అందరూ చేసేదే అనిపించింది. పార్కులో ఆ పెద్దాయన "గాడ్ బ్లెస్ యూ" అని చెయ్యి కలిపి వెళ్ళిపోయాక అలా అనిపించలేదు.

మరుసటేడు బిల్డ్ షీట్‌కి కలర్ జిరాక్స్ తీసి ఫ్రేము కట్టించి అద్దం మీద పెట్టాను. కార్డులో "1970 మాలిబు. ఎస్.ఎస్. 396 క్లోన్. ఫ్యాక్టరీ ఇంజను 307" అని పెద్దక్షరాల్లో రాశాను. ఏమయిందంటారా? కొందరు చదివి మొహం తిప్పుకుని పక్కబండి దగ్గరికెళ్ళారు. జడ్జి నన్ను ఒరిజినల్ తరగతి నుంచి తీసి మాడిఫైడ్ తరగతిలో పెట్టాడు, ట్రోఫీ రాలేదు. కానీ ఆ కాగితం దగ్గర గుంపు మాత్రం తగ్గలేదు! చాలామంది అసలు బిల్డ్ షీట్ చూడటం అదే మొదటిసారి. ఎక్కడ దొరికింది, ఎలా ఊడదీశావు అని ఒకటే ప్రశ్నలు. ఇద్దరు అప్పటికప్పుడు తమ వెనక సీట్లు పైకెత్తి చూసుకున్నారు. ఆ పెద్దాయన కోసం సాయంత్రం దాకా చూశాను. రాలేదు. ఆ తర్వాతి ఏడూ రాలేదు.

ఒకాయన బండి కొంటానన్నాడు, మంచి ధరే. ఒక్క షరతు: ఫ్రేమూ కాగితమూ నువ్వే ఉంచేసుకో, నాకొద్దు. నవ్వుతూనే అన్నాడు. విన్ ప్లేటు మారిస్తే ఫెడరల్ నేరం, కాగితం దాచిపెట్టడం ఎవరికీ కనపడదు. మా ఆవిడ ఆ ధర విని, "ఇచ్చెయ్యకూడదూ?" అంది. కాగితం లేకుండా ఇవ్వనన్నాను, బేరం పోయింది. గరాజ్ మాత్రం ఖాళీ కాలేదని ఆమె ఇప్పటికీ సణుగుతుంది.

గ్రిల్ మీద ఎస్.ఎస్. అక్షరాలు పీకెయ్యాలా అని రెండు నెలలు ఆలోచించి ఉంచేశాను. ఇది పూర్తిగా సబబని వాదించను. అయితే ఒక తమాషా చెప్పాలి: 1970కల్లా షెవర్లే ఆ ఇంజనుని 402 క్యూబిక్ అంగుళాలకి పెంచేసింది, అయినా అమ్మకాల కోసం బయట 396 అనే రాసింది. నా క్లోన్‌లో ఉన్నదీ 402నే!

మిషిగన్‌లో 26 ఏళ్ళు నిండిన బండికి హిస్టారిక్ ప్లేటు ఇస్తారు. షోలకి, పరేడ్లకి, క్లబ్బు పనులకే తిప్పాలి. ఆగస్టు నెలంతా మాత్రం ఇష్టమొచ్చినట్టు తిరగొచ్చు. ఆ నెల మూడో శనివారం డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ అవెన్యూ మీద, ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ ఊరిదాకా వేల పాతకార్లు బారులు తీరతాయి. 1995లో పిల్లల సాకర్ మైదానానికి చందాల కోసం మొదలైన సంబరమది. పోయినసారి అక్కడ ట్రాఫిక్‌లో ఆగి మామయ్యకి ఫోన్ చేసి చూపించాను. ఆయనకి అప్పటిదాకా కాగితం సంగతి చెప్పలేదు.

"మామయ్యా, ఇది ఒరిజినల్ కాదంట. ఇంజను వేరే బండిది."

"ఆటోనగర్‌లో నేను ముట్టుకున్న బండ్లలో ఏదిరా ఒరిజినలు? అది సరేగానీ కాస్త ఎక్సలేటరు తొక్కు."

తొక్కాను.

"టాపెట్ కొడతాంది. ఇంటికి పోయినాక చూసుకో."

ఆ రాత్రే వాల్వ్ కవర్ విప్పాను. నిజమే, ఒకటి వదులుగా ఉంది.