అణా ఖర్చుతో అన్నం

అన్నదాన సత్రంలో వడ్డన సేవకు నిలిచిన ప్రతిసారీ నాకు సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు స్మరణకు వస్తారు. 1852లో తెలుగు దేవాంగ కుటుంబంలో జన్మించిన ఆ మహనీయుడు జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరు. 1920 ఎన్నికలలో ఆ పార్టీ గెలువగా, ప్రభుత్వానికి నాయకత్వం వహించమని గవర్నరు ఆహ్వానించినా ఆయన అంగీకరించలేదు. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగానే కొనసాగారు. నేటి మేయరు స్థానం అప్పట్లో అదే.

థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పాఠశాలకు కడుపేదల పిల్లలు వచ్చేవారు. పేదరికం వలన విద్యార్థుల సంఖ్య నిలువడం లేదు. రోజుకు ఒక్కొక్కరికి ఒక అణాకు మించని వ్యయంతో వారికి ఆహారం పెట్టాలని 1920లో కౌన్సిల్ తీర్మానించింది. పిదప మరికొన్ని పాఠశాలలకు ఈ ఏర్పాటు విస్తరించింది.

అయితే ప్రాథమిక విద్యా నిధి నుండి ఆ వ్యయం చేయడానికి ప్రభుత్వం సమ్మతింపలేదు. 1925లో వంట ఆగిపోయింది. త్యాగరాయ శెట్టిగారు పరమపదించినదీ ఆ సంవత్సరమే. రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనం విస్తృతంగా ఆరంభమైనది 1956లో, కామరాజుగారి పాలనలో.

సంకల్పం ఉన్నది, ఆకలిగొన్న పసివారూ ఉన్నారు. నిలకడైన నిధి మాత్రమే లేకపోయింది. దాతలారా! ఒక పూట అన్నం పెట్టడం పుణ్యమే. మరునాడు కూడా పొయ్యి వెలిగే ఏర్పాటు చేయడం అంతకంటె గొప్ప పుణ్యమని ఆ అణా అన్నం నాకు నేర్పింది.